సగం వేలు

నా ఫోన్ బల్ల మీద పెడితే ఊగడం మొదలుపెట్టింది. మొదట బల్లదే తప్పనుకున్నాను. కుట్టుమిషన్ పక్కన బట్ట కత్తిరించుకునే బల్ల అది, నా కాపురంతో పాటు వచ్చింది, దాని కాళ్ళలో ఒకటి ఎప్పుడూ అలిగే ఉంటుంది. ఆ కాలి కింద అట్టముక్క పెట్టాను. ఫోన్ ఊగుతూనే ఉంది. నేల మీద పెట్టాను, అక్కడా ఊగింది. తిప్పి చూస్తే అప్పుడు తెలిసింది, వెనక మూత మధ్యలో ఉబ్బి, ఒక పక్క అంచు దగ్గర సన్నగా నోరు తెరిచింది. అనవసరంగా బల్లని తిట్టినందుకు దానికి సారీ చెప్పాను. ఒక్క మనిషి ఉండే ఇంట్లో ఇలాంటి మాటలు నడుస్తాయి, నవ్వకండి.

ఒక్క మనిషి అంటే నిజంగా ఒక్కదాన్నే. మాకు పిల్లలు లేరు. మా ఆయన పోయి రెండేళ్ళు దాటింది. మాది గోదావరి జిల్లా. ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ నడిపే ఉద్యోగం వస్తే పెళ్ళైన కొత్తలో విశాఖపట్నం వచ్చాం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ క్వార్టర్లో ఉన్నాం, రిటైరయ్యాక పెందుర్తిలో ఈ ఇల్లు కట్టుకున్నాం. ముందుగదిలో నా మిషను. జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్స్ వేస్తాను. ఆడవాళ్ళు వస్తారు, కొలతలిస్తారు, పండక్కి ముందే కావాలని నాలుగుసార్లు చెప్పి వెళ్ళిపోతారు. ఆ కొలతలు తీసుకునేటప్పుడు తప్ప ఇంకో మనిషిని ముట్టుకునే పని నాకు పడడం లేదు. ఒకరోజు ఒకావిడ భుజం కొలుస్తూ టేపు అక్కడే పెట్టి కొంచెంసేపు ఆలస్యం చేశాను. కొలత సరిగ్గా రావాలి కదా అన్నాను ఆవిడతో.

ఫోన్ ఉబ్బితే మార్చేస్తారు ఎవరైనా. నేను మార్చలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే ఆ ఫోన్ ఇంటికొచ్చిన రోజు దగ్గర్నుంచీ చెప్పాలి.

అది ఆయన కొన్నది. అంతకుముందు నాది నొక్కుడు బటన్ల ఫోన్, ఒకసారి ఛార్జింగ్ పెడితే వారం వచ్చేది. "ఏమోయ్, లోకం ఎక్కడికో పోతుంటే నువ్వింకా బటన్లు నొక్కుకుంటూ కూర్చున్నావు" అనేవారు. "కుట్టేది బటన్లే, నొక్కేదీ బటన్లే, నాకు బాగానే ఉంది" అనేదాన్ని. వినే మనిషైతేగా. రిటైరైన కొత్తలో ఒకరోజు ద్వారకా నగర్‌లో ఫోన్ల షాపుకి వెళ్ళి, చెప్పా పెట్టకుండా తెచ్చేశారు. భోజనాల బల్ల మీద పెట్టి, వేలిముద్ర వెయ్యమన్నారు.

నా వేళ్ళ సంగతి తెలిసీ అన్నారు ఆ మాట. ఫాల్స్ చేతికుట్టుతోనే వేస్తాను నేను. ఎడమచేతి వేలి కొసల నిండా సూది గుచ్చుకున్న మచ్చలే. కుడిచేతి చూపుడువేలు సూదిని తోసీ తోసీ అరిగి నున్నగా అయిపోయింది. వేలికి తొడుగు పెట్టుకోమని అందరూ చెబుతారు. తొడుగు పెట్టుకుంటే నాకు బట్ట తెలియదు. పైగా అంట్లు తోమే చెయ్యీ అదే. రేషన్ డిపోలో నా వేలు ఆ మిషన్ మీద ఏనాడూ పడలేదు. "చెయ్యి తుడుచుకుని పెట్టండమ్మా" అనేవాడు డీలరు లైన్‌లో అందరూ వింటుండగా, నేనేదో బురదలోంచి లేచి వచ్చినట్టు. ఒళ్ళు మండిపోయేది. చివరికి ఆయన సంచీ నాకిచ్చి తన వేలు పెట్టేవారు, టక్కుమని పడేది. ఆయన వేళ్ళు చూస్తే స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసిన మనిషని ఎవరూ అనుకోరు. "ఇనుము మోసింది క్రేను. నేను పైన కుర్చీలో కూర్చున్నాను" అని ఆయనే నవ్వేవారు.

సరే, ఆ ఫోన్‌కి వెనక నడుమన ఒక గుండ్రటి బటన్ లాంటి చోటు ఉంది. దాని మీద వేలు ఆనించి తీస్తూ ఉంటే, తెర మీద వేలి బొమ్మలో గీతలు ఒక్కొక్కటే రంగెక్కుతాయి. మొత్తం ఎక్కితే అయిపోయినట్టు. నా వేలికి సగం దాకా ఎక్కి ఆగిపోయాయి. వేలు అంచులు కూడా పెట్టండి అంటుంది, పెడితే మళ్ళీ ప్రయత్నించండి అంటుంది. కడిగాను. తుడిచాను. కొబ్బరినూనె రాసి మళ్ళీ తుడిచాను. ఫోన్‌ని తిట్టాను. పక్కనే కూర్చుని ఇదంతా చూస్తున్న ఆయన "జరుగు" అన్నారు.

నా కుర్చీలోనే సగం కూర్చుని, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, నేను ఆగిన దగ్గర్నుంచి తన వేలు పెట్టడం మొదలుపెట్టారు. గీతలు చకచకా రంగెక్కేశాయి.

"అదేంటండీ, నా ఫోన్‌కి మీ వేలు పెడతారా?"

"నీదీ ఉంది, నాదీ ఉంది. రేషన్ కార్డులో ఎవరి వేలైనా ఒకటే అన్నప్పుడు ఫోన్‌కి మాత్రం ఏం?"

ఒక ఇల్లు, ఒక కార్డు, ఎవరి వేలు పడితే వాళ్ళు పెట్టడం. డిపో ముందు నిలబడి నిలబడి మాకు అబ్బిన తెలివి అది. అసలు ఆయన వేలు రెండో వేలుగా విడిగా పెట్టుకోవచ్చట. ఆ సంగతి చాలా రోజులకి తెలిసింది. అప్పటికే ఆ ఫోన్ మా ఇద్దరి వేళ్ళనీ కలిపి ఒకే మనిషి వేలనుకుని నమ్మేసింది. నేను పెడితే తెరుచుకునేది, ఆయన పెట్టినా తెరుచుకునేది.

తెరిచింది ఎక్కువ ఆయనే. నా ఫోన్‌కొచ్చిన మెసేజ్‌లు నాకంటే ముందు చదివేవారు. మా కాలనీ ఆడవాళ్ళ గ్రూపులో నా బదులు తనే జవాబులిచ్చేవారు. ఒకావిడ వాళ్ళ అత్తగారి సంవత్సరీకానికి ఫొటో పెడితే, ఈ మహానుభావుడు కళ్ళజోడు లేకుండా చూసి, పుట్టినరోజు శుభాకాంక్షలు, కేకు బొమ్మ, రెండు బెలూన్లు పెట్టేశారు. ఆవిడ నా దగ్గర జాకెట్లు కుట్టించుకోవడం మానేసింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. మూడో రోజు ఆయన నా ఫోన్ నుంచే తన ఫోన్‌కి "క్షమించాను, అన్నం పెడతాను రండి" అని మెసేజ్ పెట్టుకుని నాకు తెచ్చి చూపించారు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున కాఫీ తాగారు, మధ్యాహ్నానికి లేరు. గుండె అన్నారు. ఊళ్ళో ఆయన అన్నదమ్ములకి కబురు చెప్పాలని ఎవరో నా చేతిలో ఫోన్ పెట్టారు. నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. వేలు ఆనిస్తే పడలేదు. చెయ్యంతా తడి. ఆయన పక్కనే చాప మీద ఉన్నారు, చెయ్యి నాకు అందేంత దగ్గరలో. ఆయన వేలు పెడితే తెరుచుకుంటుంది కదా అనిపించింది. ఆ క్షణంలో అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. లాక్ నంబరు కొట్టి తెరిచాను.

ఆ తర్వాతే గమనించాను ఒకటి. వేలు ఎడమ అంచు మీదుగా ఆనిస్తే ఫోన్ తెరుచుకునేది. కుడి అంచు ఆనిస్తే చిన్నగా వణికి ఊరుకునేది. ఇదివరకూ అంతేనేమో, ఆయన ఉండగా నాకు పట్టించుకునే అవసరం రాలేదు, పడకపోతే ఆయన చేతికిచ్చేదాన్ని. ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు నా వేలు ఎక్కడ ఆగిందో అక్కడి దాకే నాది. అవతలిది ఆయనది. నేను పెడితే ఎందుకు తెరుచుకుంటుంది?

ఆ వణుకు నాకు ఇష్టమైపోయింది. కుట్టు మధ్యలో ఊరికే ఫోన్ తీసుకుని కుడి అంచు ఆనించేదాన్ని. వణికేది. ఉన్నారులే అనుకుని పక్కన పెట్టేదాన్ని. మంచం మీద గోడవైపు ఆయనది, ఇప్పటికీ నేను అటు పడుకోను, అటు దుప్పటి కూడా నలగదు. ఇదీ అలాంటిదే. ఫొటోలున్నాయి, ఆయన చొక్కాలున్నాయి, అవన్నీ ఆయన వదిలేసి వెళ్ళినవి. ఇదొక్కటే ఇంకా ఆయన కోసం చోటు పట్టి ఉంచినట్టు ఉండేది. కొన్నాళ్ళకి ఊరికే ఆనించి చూడడం తగ్గించేశాను. ఉందని తెలుసు కదా, అస్తమానూ పరీక్ష పెట్టడం ఎందుకని.

అలాంటి ఫోన్ ఉబ్బింది.

ముందుగా చూసింది చేపలావిడ. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే వేలంపాటలో సరుకు తీసుకుని, ఆటోలో పెందుర్తి దాకా వచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. ఆదివారం మా గుమ్మంలో బేసిన్ దించి, అడక్కుండానే ఒక మనిషికి సరిపడా నెత్తళ్ళు తీసి పెడుతుంది. ఆయన ఉన్నప్పుడు ఎంత తీసేదో దానికి గుర్తే, ఆ మాట మాత్రం ఎప్పుడూ ఎత్తదు.

"ఏటక్కా, ఆ ఫోనేటి అలా ఉబ్బిపోనాది?"

"బ్యాటరీ అనుకుంటానమ్మా."

"ఓలమ్మో, అది పేల్తాది. మా పేటలో ఒకడి జేబులో పొగొచ్చీసింది. మార్సీ."

"మారుస్తాలే."

"మార్సవు నువ్వు, నాకు తెల్దేటి. ఇప్పుడొత్తన్న ఫోన్లకి ఏలు గీలు అక్కర్లేదు, మొకం సూపిత్తే తీసీసుకుంటాది. మా కోడలిది అదే. నా ఏలు ఏ మిషన్ మీదా పడదు, ఐసులో నానిపోయి. మొకం నానిపోదు కదా, నానూ అదే కొంతాను."

నవ్వాను. అది నవ్వలేదు. బేసిన్ నెత్తికెత్తుకుంటూ, "ఒక్కదానివే ఉంతావు, పేలితే సూసీవోడేడి?" అంది. దాని మాట అంతే, కత్తితో చేప కోసినట్టే ఉంటుంది.

మర్నాడు ద్వారకా నగర్ బయల్దేరాను. ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేకుండా చేశాక కాంప్లెక్స్ బస్టాండుకెళ్ళే బస్సులో కూర్చునే చోటు దొరకడం గగనం. వేపగుంట నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాకా ఎవరో ఒకావిడ మోచెయ్యి నా పక్కటెముకల్లో ఉంది. మామూలుగా అయితే గొడవ పెట్టుకునేదాన్ని. ఆ రోజు ఊరుకున్నాను, కొంచెం వెచ్చగానే ఉంది.

ఫోన్ల షాపులో ఒకమ్మాయి నన్ను పట్టుకుంది. మంచి పిల్ల, మాటకి ముందు మేడం, వెనక మేడం. ఒక్కో ఫోనూ తీసి నా మొహం ముందు పెట్టి చూపించింది. "ఊరికే చూడండి మేడం, అంతే, తెరుచుకుంటుంది. వేలు కావాలంటే అద్దం కిందే ఉంటుంది, వెనక బటన్లు ఇప్పుడు రావడం తగ్గిపోయాయి. ఇది సేఫ్ మేడం. మీరు నిద్రపోతున్నప్పుడు ఎవరైనా మీ మొహం ముందు పెట్టినా తెరుచుకోదు, కళ్ళు తెరిచి చూడాలి."

"నేను నిద్రపోతుంటే మా ఇంట్లో ఎవరు పెడతారమ్మా" అన్నాను.

ఆ పిల్లకి అర్థం కాలేదు. "ఇందులో రెండో మొహం కూడా పెట్టుకోవచ్చు మేడం. సార్‌ది పెట్టుకోండి."

"సార్ లేరు."

"పర్లేదు మేడం, సాయంత్రం సార్ వచ్చాక పెట్టుకోండి, ఎప్పుడైనా పెట్టుకోవచ్చు."

సరే అన్నాను. ఇంకేం అంటాను. ఆ పిల్ల మొహంలో అంత నమ్మకం ఉంటే పాడుచెయ్యడం ఎందుకు. సాయంత్రం సార్ వస్తారని నా గురించి ఒక్క మనిషైనా అనుకుంటోంది, అనుకోనీ.

"పాత ఫోన్లో ఉన్నవన్నీ ఇందులోకి వచ్చేస్తాయా?"

"అన్నీ వస్తాయి మేడం. ఫొటోలు, నంబర్లు, మెసేజ్‌లు, అలారం కూడా."

"వేలిముద్ర?"

"వేలొకటే రాదు మేడం. అది ఏ ఫోన్‌ది ఆ ఫోన్‌లోనే ఉండిపోతుంది. కొత్తగా పెట్టుకోవాలి. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పని. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటికొచ్చేశాను. ఆలోచించుకుని వస్తానంటే రారని ఆ పిల్లకి తెలుసు, అయినా తలుపు దాకా వచ్చింది.

ఆ షాపు మేడ మీదే రిపేరు షాపు ఉంది. బ్యాటరీ ఒక్కటి మార్చేస్తే చాలు కదా అని ఎక్కాను. భూతద్దం కంటికి తగిలించుకున్న ఒక మధ్యవయసు మనిషి నా ఫోన్ చూసి పెదవి విరిచాడు.

"మార్సొచ్చమ్మా. గానీ వెనక మూత తియ్యాల. ఈ ఏలు పెట్టీ బటన్ మూతకే అంటుకుని ఉంటాది, సన్న తీగతోటి లోపలికి తగిలించుంటాది. పాత ఫోను, తెగిపోతే నన్ననకండి."

"తెగితే ఏమవుతుంది?"

"ఏలు పన్జెయ్యదు. నంబరు కొట్టుకోండి. ఏదీ, ఒకసారి లాక్ తియ్యండి, మోడలు సూత్తాను."

ఒక చేతిలో సంచీ ఉంది. రెండో చేత్తో ఫోన్ అందుకుని, వేలు ఎలా పడితే అలా ఆనించాను. తెరుచుకుంది. అతని చేతికి ఇవ్వబోతూ ఆగాను. నా వేలు ఏ పక్కకి ఉందో అప్పుడు చూసుకున్నాను. కుడి అంచు.

ఆర్పేసి మళ్ళీ పెట్టాను, కావాలని కుడి అంచే. తెరుచుకుంది. ఇంకొంచెం పక్కకి జరిపి పెట్టాను. తెరుచుకుంది.

"బాగానే పన్జేత్తంది కదమ్మా" అన్నాడు.

"ఇది ఇదివరకు ఈ పక్కకి తెరుచుకునేది కాదు."

"రోజూ పెడతంటే నేర్సుకుంటాది. మీ ఏలు కొంచెం పక్కకి జరిగితే ఆ గీతలు కూడా కలుపుకుంటాది. వాడకుండా ఉన్న పాత గీతలు కొన్ని ఫోన్లలో పోతాయి కూడాను. మంచిదే కదా."

కొన్ని నెలల నుంచీ ఫోన్ చక్కగా తెరుచుకుంటోందని నేనే మురిసిపోయాను. వేళ్ళకి కొబ్బరినూనె రాయడం వల్లేనని ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా.

"ఇందులో ఇంకొకరి వేలు కూడా కలిపి పెట్టాం బాబూ. అది ఉంటుందా, పోయి ఉంటుందా?"

అతను భూతద్దం తీసి నా వైపు చూశాడు. "ఆళ్ళు వాడతన్నారా?"

"లేదు."

"అయితే సెప్పలేమమ్మా. ఉంటే ఉంటాది, పోతే పోతాది. ఆళ్ళొచ్చి ఏలు పెడితేనే తెలుత్తాది."

మెట్లు దిగి, రోడ్డు దాటి, కాంప్లెక్స్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. మా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో కాదు, నా మీదే. మంచం మీద గోడవైపు ఒక్క జానెడు జరగని మనిషిని, ఇక్కడ మాత్రం రోజూ కొంచెం కొంచెం జరుగుతూ ఆయన చోటంతా ఆక్రమించుకున్నాను. అదీ తెలియకుండా, పాలవాడి మెసేజ్ చూడ్డానికీ, టైము చూడ్డానికీ, వానొస్తుందేమో చూడ్డానికీ. ఎక్కడో ఒక అంచున ఇంకా మిగిలి ఉన్నారేమో. లేరేమో. అది చెప్పగలిగింది ఆయన ఒక్కరే. అక్కడ కూర్చునే ఏడ్చాను. బస్టాండులో ఎవరి సామాను వాళ్ళు చూసుకుంటారు కాబట్టి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక ఒక పిచ్చి పని చేశాను. వేలు పెట్టడం మానేశాను. ఫోన్ తెరవాలంటే నంబరు కొట్టేదాన్ని. మిగిలిందేదైనా ఉంటే మిగలనీ, ఇంకా నా గీతలు ఎక్కించకూడదని. ఫోన్ ఎత్తేటప్పుడు ఆ గుండ్రటి చోటు తగలకుండా అంచులు పట్టుకుని ఎత్తేదాన్ని, పొయ్యి మీంచి గిన్నె దించినట్టు. జాకెట్టు కొలతకొచ్చిన పిల్ల ఒకతి చూసి, "అదేంటి ఆంటీ, కాలుతోందా?" అంది. అవునన్నాను. అది అబద్ధం కూడా కాదు, రోజురోజుకీ ఫోన్ వేడెక్కుతోంది. మూత ఇంకొంచెం విచ్చుకుంది. కొత్త ఫోన్ కొనాలా వద్దా అని రోజూ తూకం వేసుకునేదాన్ని. ఇది ఉంచితే ఆయన ఉన్నారో లేదో తెలియని ఒక అంచు ఉంటుంది. మారిస్తే అది కూడా ఉండదు. బయటివాళ్ళకి చెబితే బ్యాటరీ గురించి మాట్లాడతారు.

ఒక మధ్యాహ్నం పట్టుచీరకి ఫాల్స్ వేస్తూ, ఫోన్ ఆ చీర మడతల మీదే పెట్టి మర్చిపోయాను. మామిడిపిందె రంగు చీర, ఎవరిదో పెళ్ళిచూపులకి. చెయ్యి తగిలితే మడత కింద దాకా వేడి. ఫోన్ తీసుకెళ్ళి పెరట్లో గట్టు మీద పడేసి, వెనక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి దాన్ని చూశాను. చేపలావిడ మాట చెవిలో పడింది. ఆయన ఉంటే ఏమనేవారో కూడా వినబడింది. "ఊరి వాళ్ళ చీరలు తగలబెట్టి నా గుర్తులు దాచుకుంటావా ఏమోయ్?" అచ్చం అలాగే అనేవారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది.

మళ్ళీ ద్వారకా నగర్ వెళ్ళాను. ఆ అమ్మాయి గుర్తుపట్టింది. కొత్త ఫోన్ తీసుకున్నాను. పాతదాంట్లోవన్నీ కొత్తదాంట్లోకి పంపి, నా మొహం అందులో పెట్టింది. తల కొంచెం గుండ్రంగా తిప్పమంది, తిప్పాను. సార్ మొహం గురించి మళ్ళీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. పాతది ఎవరి చేతికిచ్చే ముందైనా అన్నీ చెరిపెయ్యాలంది. "నేను నొక్కుతానులే అమ్మా" అన్నాను. అన్నీ పోతాయి, సరేనా అని ఫోన్ అడిగింది. నొక్కే ముందు తిప్పి, ఆ వెనక బటన్ మీద వేలు పెట్టాను. కుడి అంచు కాదు, ఎడమ అంచు కాదు, పూర్తిగా. తర్వాత నొక్కాను.

మేడ మీదకి తీసుకెళ్ళి బ్యాటరీ తీసెయ్యమన్నాను. అతను సన్న రేకు ఒకటి మూత కింద పెట్టి నెమ్మదిగా తిప్పుతుంటే చిన్న చప్పుడైంది. "సెప్పాను కదమ్మా, తెగిపోనాది" అన్నాడు. పర్వాలేదన్నాను. మూతకి ఆ గుండ్రటి బటన్ అంటుకునే ఉంది.

"ఆ బటన్ ఒక్కటీ నాకు ఊడదీసి ఇవ్వు బాబూ."

"ఏటి సేత్తారు? ఏలిముద్రలు అందులో ఉండవమ్మా, లోపల చిప్పులో ఉంటాయి. ఇది ఉత్త బటను."

చిప్పులో చివరికి ఎవరున్నారో నాకు తెలియదు, అతనికీ తెలియదు. ఆ బటన్ మీద ఆయన వేలు పెట్టడం మాత్రం నా కళ్ళతో చూశాను. అదంతా అతనికి చెప్పలేదు. "బటన్లు దాచుకునే అలవాటు" అన్నాను. ఊడదీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇప్పుడది నా మిషన్ సొరుగులో, హుక్కులూ గుండీలూ వేసుకునే డబ్బాలో ఉంది. దేనికీ జత కుదరని గుండీలు అందులో చాలా ఉన్నాయి.

కొత్త ఫోన్ బాగానే ఉంది. చూస్తే చాలు, తెరుచుకుంటోంది. పొద్దున లేచి జుట్టు రేగిపోయి ఉన్నా గుర్తుపడుతుంది, కళ్ళజోడు ఉన్నా లేకపోయినా గుర్తుపడుతుంది. కొన్ని రోజులు సాయంత్రం దాకా నా మొహం చూసేది అదొక్కటే. మొన్న ఆదివారం చేపలావిడకి చూపించాను. తన మొహం ముందు పెట్టుకుని, తెరుచుకోకపోతే, "నన్ను పొమ్మంతంది సూడు" అని గట్టిగా నవ్వింది. "పోన్లే అక్కా, మార్సీసావు" అంది.

అది వెళ్ళాక, వంటింట్లో ఒక చెయ్యి గరిటె మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తి మొహానికి చూపించుకోవడం కష్టంగా ఉందని, వేలు కూడా పెట్టేద్దామనుకున్నాను. చేతులు సబ్బుతో కడుక్కుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు వేలు పెట్టేది అద్దం మీదే. అదే వేలి బొమ్మ, అవే గీతలు. ఆనించాను, తీశాను. గీతలు ఒక్కొక్కటే రంగెక్కాయి. సగం దాకా వచ్చాయి, ఆగాయి. వేలు తీసి మళ్ళీ పెట్టండి అంది. పెట్టాను. మళ్ళీ అంది. తుడుచుకున్నాను, లేచి వెళ్ళి కొబ్బరినూనె రాసి తుడుచుకుని వచ్చాను. అక్కడే ఉంది, ఒక్క గీత కూడా ఎక్కలేదు. సగం వేలు ఏ ఫోనూ దాచుకోదు, వదిలేస్తే మళ్ళీ మొదట్నుంచీ పెట్టమంటుంది. అందుకని వదల్లేదు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని ఆ సగం బొమ్మని చూస్తూ కూర్చున్నాను.

ఎవరూ జరగమనలేదు. నేనే కుర్చీలో ఒక పక్కకి జరిగి, సగం ఖాళీ చేశాను. తెర కాసేపు ఆగి చూసి, ఆరిపోయింది.